దెబ్బలు తింటే తీరే బాకీ కాదు: 'ద కైట్ రన్నర్'లో తప్పు, ప్రవాసం, ప్రాయశ్చిత్తం

ఖాలిద్ హుస్సేనీ నవల 'ద కైట్ రన్నర్' చదివినవాళ్ళని, అందులో కథానాయకుడు అమీర్ తన తప్పు ఎక్కడ దిద్దుకున్నాడు అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే, కాబూల్‌లో ఆ తాలిబాన్ నాయకుడి ఇంట్లో ఎముకలు విరిగేలా దెబ్బలు తిన్న చోట అని. సినిమా చూసినవాళ్ళయితే మరీను. కానీ కాస్త నిదానంగా చదివితే ఆ దెబ్బల తర్వాత కూడా అమీర్ తన పాత తప్పునే ఇంకోసారి చేస్తాడు. ఒక పిల్లాడికి ఇచ్చిన మాట తప్పుతాడు, ఆ పిల్లాడు చావు అంచు దాకా వెళ్ళి వస్తాడు. దిద్దుబాటు అనదగ్గది ఏదన్నా జరిగితే అది ఆ తర్వాత, అమెరికాలో, భోజనాల బల్ల దగ్గర, మామగారితో అన్న నాలుగు మాటల్లో జరుగుతుంది. ఆ నాలుగు మాటలు ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే మొదటి నుంచీ రావాలి. కథంతా బయటపడుతుంది కాబట్టి ఇంకా చదవనివాళ్ళు ముందు నవల చదవడం మంచిది.

నవల 2003లో వచ్చింది. హుస్సేనీ 1965లో కాబూల్‌లో పుట్టాడు. తండ్రి అఫ్ఘాన్ విదేశాంగ శాఖలో పనిచేసేవాడు, తల్లి పాఠాలు చెప్పేది. 1976లో తండ్రి ఉద్యోగం మీద కుటుంబం పారిస్ వెళ్ళింది. తిరిగి రావాల్సిన సమయానికి కాబూల్‌లో పరిస్థితి మారిపోయింది, 1978లో కమ్యూనిస్టుల తిరుగుబాటు, 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం. దాంతో 1980లో అమెరికాలో శరణు తీసుకుని శాన్ హోసేలో దిగారు, కొన్నాళ్ళు ప్రభుత్వ సాయం మీదే బతికారు. తర్వాత ఆయన డాక్టర్ అయ్యాడు, ప్రాక్టీసు చేస్తూనే ఈ నవల రాశాడు. తాలిబాన్ గాలిపటాలు ఎగరేయడాన్ని నిషేధించారన్న వార్త విని ముందు ఒక చిన్న కథగా రాసుకున్నాడు, 2001లో దాన్ని నవలగా పెంచడం మొదలుపెట్టాడు. అంటే పదకొండేళ్ళకే దేశం వదిలిన మనిషి, ఆ తర్వాత అక్కడ జరిగిన యుద్ధాలు ఏవీ కళ్ళారా చూడనివాడు, తన వయసు పిల్లలు అక్కడ ఏమైపోయారో అనుకుంటూ రాసిన పుస్తకం ఇది. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే అమీర్ మోసే బరువులో కొంత రచయితది కూడా అనిపిస్తుంది. మనం బతికి బయటపడ్డాం, వాళ్ళు అక్కడే ఉండిపోయారు అనే బాధ. అది ఎవరూ నిందించకపోయినా లోపల ఉండేదే.

కథకి వస్తే, కాబూల్‌లో వజీర్ అక్బర్ ఖాన్ అనే ధనవంతుల పేట. పెద్ద ఇల్లు, అందులో బాబా, ఆయన కొడుకు అమీర్. అదే ఆవరణలో ఒక మట్టి గుడిసె, అందులో పనివాడు అలీ, ఆయన కొడుకు హసన్. పిల్లలిద్దరూ ఒకే ఆయా దగ్గర పాలు తాగి పెరిగారు. అయినా అమీర్ బడికి వెళ్తాడు, హసన్ అమీర్ బట్టలు ఇస్త్రీ చేస్తాడు. ఒకరు పష్తూన్, ఒకరు హజారా. ఒకరు సున్నీ, ఒకరు షియా. హజారాలు అఫ్ఘానిస్తాన్ నడిమి కొండల్లోని హజారాజాత్ ప్రాంతంవాళ్ళు, ముఖాలు మంగోలుల పోలికలో ఉంటాయని శతాబ్దాలుగా అవమానాలు పడినవాళ్ళు. 1890ల్లో అబ్దుర్ రహ్మాన్ ఖాన్ కాలంలో వాళ్ళ మీద జరిగిన దాడుల్లో వేలమందిని చంపారు, భూములు లాక్కున్నారు, మనుషుల్ని బానిసలుగా అమ్మారు. అమీర్ ఈ చరిత్రని చనిపోయిన తన తల్లి పుస్తకాల్లో చదువుతాడు. బళ్ళో మాస్టారు మాత్రం దాని ఊసే ఎత్తడు. ఈ మౌనాన్ని గుర్తుపెట్టుకోవాలి, నవల మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

1975 చలికాలం, గాలిపటాల పోటీ. దారానికి గాజుపొడి పూసి, ఎదుటివాడి పటాన్ని కోసి, చివరికి ఆకాశంలో ఒక్కటే మిగిలేదాకా ఆడే ఆట. సంక్రాంతికి హైదరాబాద్ మేడల మీద మాంజాతో వేళ్ళు కోసుకున్నవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే కాబూల్‌లో కోసినవాడికి ఎంత పేరో, తెగిన పటం వెనక పరిగెత్తి పట్టుకున్నవాడికీ అంతే పేరు, అందులోనూ చివరగా తెగిన పటం దొరికితే ఇక చెప్పక్కర్లేదు. అమీర్ దారం పడతాడు, హసన్ చరఖా పడతాడు. ఆ రోజు అమీర్ గెలిచాడు, ఆ చివరి నీలం పటం కోసం హసన్ పరిగెత్తాడు. నీకోసం వెయ్యిసార్లయినా తెస్తాను అని అరిచి మరీ వెళ్ళాడు. పటం దొరికింది. కానీ ఒక సందులో ఆసెఫ్ అనే కుర్రాడు, అతని స్నేహితులు ఇద్దరూ హసన్‌ని అడ్డగించారు. పటం ఇచ్చేస్తే వదిలేస్తామన్నారు. ఇవ్వనన్నాడు. ఆసెఫ్ హసన్ మీద అత్యాచారం చేశాడు. సందు మూల దగ్గర గోడచాటున నిలబడి అమీర్ అంతా చూశాడు. ముందుకు అడుగు వెయ్యలేదు, ఒక్క అరుపు కూడా అరవలేదు, వెనక్కి తిరిగి పరిగెత్తాడు.

ఇక్కడ రచయిత చేసిన పని గట్టిది. పన్నెండేళ్ళ పిల్లాడు భయపడ్డాడు అని రాస్తే పాఠకుడు వెంటనే క్షమించేస్తాడు, ఆ వయసులో ఎవరైనా భయపడతారు కదా అని. కానీ పెద్దయ్యాక వెనక్కి చూసుకుంటూ అమీర్ ఆ సాకుని తనకి తానే మిగుల్చుకోడు. నాన్న మెప్పు కావాలంటే ఆ నీలం పటం ఇంటికి రావాలి, దానికి చెల్లించాల్సిన ధర హసనేమో అని అప్పుడే తనకి తోచిందంటాడు. ఆ వెంటనే ఇంకో ఆలోచన, ఎంతైనా వాడు హజారావాడే కదా అని. తప్పు అసలు ఇక్కడ ఉంది. భయం ఒక్కటే అయితే అది పిల్లవాడి తప్పు. 'వాడే కదా' అనే మాట మాత్రం పిల్లవాడు సొంతంగా కనిపెట్టింది కాదు, ఆ ఊరు నేర్పింది, బడి నేర్పింది, మట్టి గుడిసెకీ పెద్ద ఇంటికీ మధ్యనున్న దూరం నేర్పింది. మన ఊళ్ళలో కూడా ఒక మనిషికి అన్యాయం జరిగినప్పుడు పక్కనుంచి వినపడే మొదటి ప్రశ్న వాళ్ళెవరు అన్నదే కాబట్టి ఈ వాక్యం దగ్గర తెలుగు పాఠకుడు ఆగకుండా ముందుకి వెళ్ళడం కష్టం.

తప్పు జరిగాక అమీర్‌కి కావాల్సింది చాలా చిన్నది, ఎవరో ఒకరు తనని పట్టుకోవాలి. జలాలాబాద్‌లో బంధువుల ఇంట్లో రాత్రి అందరూ పడుకుని ఉండగా, తను చూసినదాన్ని పైకి చెప్తాడు, ఎవరికైనా మెలకువ వచ్చి వింటే బాగుండునని. ఎవరూ లేవరు. ఇక తన పాపం తనదగ్గరే ఉండిపోతుందని, నిద్రపట్టని రోజులు మొదలయ్యాయని అప్పుడే తెలుస్తుంది. కొన్నాళ్ళకి ఇంటి దగ్గరి గుట్ట మీద దానిమ్మ చెట్టు కింద హసన్ మీదికి పండిన కాయలు విసురుతాడు. తిరిగి కొట్టు, కొట్టు అని అరుస్తాడు. హసన్ కొట్టడు. బట్టలంతా ఎర్రగా అయిపోయి, నేల మీది ఒక కాయ తీసుకుని తన నుదుటి మీద తనే పగలగొట్టుకుని, ఇప్పుడు తృప్తిగా ఉందా అని అడిగి గుట్ట దిగి వెళ్ళిపోతాడు. నవల మొత్తంలో ఇంతకన్నా బాధపెట్టే పేజీ ఇంకోటి లేదు. అమీర్ క్షమాపణ అడగట్లేదు, శిక్ష అడుగుతున్నాడు. ఒక దెబ్బ కొడితే లెక్క సరిపోతుందనుకుంటున్నాడు. అంటే అప్పుడు కూడా తన మనసు తేలికపడటం కోసం హసన్‌నే పనిచెయ్యమంటున్నాడు. ఇస్త్రీ చేసినట్టే, పటం తెచ్చినట్టే, ఈ పని కూడా.

అది కుదరకపోయేసరికి రెండో దారి పట్టాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు హసన్ కనపడితే చాలు లోపల ఉలిక్కిపడుతున్నాడు కాబట్టి, ఆ మనిషినే కళ్ళముందు లేకుండా చేసుకోవాలనుకున్నాడు. తన పుట్టినరోజుకి వచ్చిన వాచీ, డబ్బులు హసన్ పరుపు కింద పెట్టి దొంగతనం అంటగట్టాడు. బాబా అడిగాడు, నువ్వు తీశావా అని. హసన్ అవునన్నాడు. చెయ్యని దొంగతనం ఒప్పుకున్నాడు, ఎందుకంటే కాదంటే దొరికేది అమీర్. సందులో తనని వదిలేసి వెళ్ళింది ఎవరో హసన్‌కి మొదటినుంచీ తెలుసని అమీర్‌కి అర్థమైంది అప్పుడే. ఇంకో వింత, లోకంలో దొంగతనం ఒక్కటే పాపం, మిగతావన్నీ దాని రూపాలే అని ఎప్పుడూ చెప్పే బాబా, క్షమించానన్నాడు. అలీ మాత్రం ఉండనన్నాడు. వానలో అలీ, హసన్ వెళ్ళిపోతుంటే బాబా ఏడ్చాడు. తండ్రి ఏడవడం అమీర్ అంతకుముందు చూడలేదు.

ఆ ఏడుపుకి కారణం పాతికేళ్ళ తర్వాత కానీ తెలియదు. హసన్ బాబా కొడుకే. పనివాడి భార్యతో సంబంధం వల్ల పుట్టినవాడు. చంపితే ఒక ప్రాణాన్ని దొంగిలించినట్టు, అబద్ధమాడితే ఎదుటివాడి దగ్గరనుంచి నిజాన్ని దొంగిలించినట్టు అని కొడుక్కి నీతి చెప్పిన మనిషే అలీ పరువునీ, హసన్ దగ్గరనుంచి తండ్రినీ, అమీర్ దగ్గరనుంచి తమ్ముడినీ దొంగిలించాడు. ఇది తెలిశాక ముందు చదివిన పేజీలన్నీ వేరేగా కనిపిస్తాయి. హసన్ పుట్టినరోజుకి భారతీయ డాక్టర్‌ని పిలిపించి చీలిన పెదవికి ఆపరేషన్ చేయించడం, సొంత డబ్బుతో అనాథాశ్రమం కట్టించడం, అడిగినవాడికి లేదనకపోవడం. తప్పు లోపల కుళ్ళకుండా మంచిపనిగా మారితే అదే అసలైన ప్రాయశ్చిత్తం అని బాబా స్నేహితుడు రహీమ్ ఖాన్ ఉత్తరంలో రాస్తాడు. చాలామంది పాఠకులు ఈ మాటని నవల ఇచ్చిన తీర్పుగా తీసుకుంటారు. దాంతో ఒప్పుకోవడం కష్టం. బాబా ఊరందరికీ మేలు చేశాడు, ఒక్క హసన్‌కి తప్ప. హసన్‌కి ఇచ్చిన పెదవి, హసన్‌కి ఇవ్వని పేరు ముందు ఏపాటిది? రహీమ్ ఖాన్ మంచి స్నేహితుడు, స్నేహితుడి తరఫున మాట్లాడుతున్నాడు, అంతే. నవల బాబాని ప్రేమిస్తుంది కానీ ఆయన బాకీ తీరినట్టు ఎక్కడా చూపించదు.

1981లో తండ్రీకొడుకులు దేశం దాటతారు. రాత్రిపూట లారీలో, దారిలో ఒక రష్యన్ సైనికుడు లారీలోని ఒక పెళ్ళయిన అమ్మాయిని అరగంట తనకి వదిలితేనే పోనిస్తానంటాడు. బాబా లేచి నిలబడతాడు, వెయ్యి గుళ్ళు తగిలినా సరే ఇది జరగనివ్వనంటాడు. అమీర్ ఏం చేస్తాడంటే, తండ్రి కాలు పట్టుకుని కూర్చోమని లాగుతాడు. సందులో జరిగినదానికి ఇది మరో వైపు. అదే పరిస్థితి, పరాయి మనిషి, తుపాకీ ఎదురుగా, బాబా మాత్రం నోరు తెరిచాడు. ఆ తర్వాత పెట్రోలు ట్యాంకర్‌లో, చిమ్మచీకట్లో, ఊపిరాడకుండా పాకిస్తాన్‌లోని పెషావర్ దాకా ప్రయాణం. ట్యాంకర్ ఎక్కేముందు బాబా పొడుం డబ్బీ ఖాళీ చేసి, రోడ్డు మీది మట్టి పిడికెడు తీసి ముద్దుపెట్టుకుని, డబ్బీలో పోసి గుండె దగ్గరి జేబులో పెట్టుకుంటాడు. అంత ఇల్లు, అంత వ్యాపారం, చివరికి వెంట వచ్చింది ఆ పిడికెడు.

అక్కడినుంచి కథ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కి మారుతుంది. ఫ్రీమాంట్ అంటే ఇప్పుడు మనవాళ్ళకి బాగా తెలిసిన ఊరే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వెళ్ళి ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. అదే ఊళ్ళో ఒక భాగాన్ని లిటిల్ కాబూల్ అంటారు. కానీ వీసా చేతిలో పెట్టుకుని వెళ్ళడానికీ, పొడుం డబ్బీలో మట్టి పెట్టుకుని వెళ్ళడానికీ పోలిక లేదు. మనవాడికి సంక్రాంతికి టికెట్ దొరక్కపోతే దిగులు, బాబాకి టికెట్ కొనుక్కోడానికి ఊరే మిగల్లేదు. 1980ల చివరికి పాకిస్తాన్, ఇరాన్‌లలో కలిపి 60 లక్షలమంది దాకా అఫ్ఘాన్ శరణార్థులు ఉన్నారు. అమెరికా చేరగలిగినవాళ్ళు అందులో పిడికెడే, ఎక్కువగా చదువూ పరపతీ ఉన్నవాళ్ళు.

ఈ భాగంలో నవల చాలా బాగుంటుంది, ఆఖరి భాగం హడావుడి కన్నా ఇదే ఎక్కువ కాలం గుర్తుంటుంది. కాబూల్‌లో విందులిచ్చిన బాబా పెట్రోలు బంకులో పని చేస్తాడు, గోళ్ళ కింద నూనె మరకలు. కూరగాయల కొట్లో చెక్కు ఇస్తే గుర్తింపు కార్డు అడిగారని ఆయనకి తలకొట్టేసినట్టయి గొడవ పెట్టుకుంటాడు, రెండేళ్ళుగా ఈ కొట్టుకే వస్తున్నాం, ఇంత నమ్మకం లేదా అని. ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులు ఆఫీసు బల్ల మీద పెట్టేసి ఉచిత డబ్బు నాకొద్దంటాడు. ఆదివారాలు శాన్ హోసేలో పాత సామాన్ల సంత, అక్కడ ఒక వరుస అంతా అఫ్ఘాన్‌లే. ఒకప్పటి రాయబారులు, సర్జన్లు, ప్రొఫెసర్లు పాత కుట్టు మిషన్లూ చొక్కాలూ అమ్ముకుంటూ, టీ తాగుతూ, కాబూల్ రాజకీయాలు మాట్లాడుకుంటూ ఉంటారు. అందులో జనరల్ తాహెరీ ఒకడు. ఈయన ఏ పనీ చెయ్యడు, చేస్తే తన హోదాకి తక్కువ. రోజూ సూటు తీసి దులుపుకుని, గడియారానికి కీ ఇచ్చుకుంటూ, ఏదో ఒకరోజు ప్రభుత్వం పిలుస్తుందని ఎదురుచూస్తుంటాడు. నంగ్, నామూస్ అంటే పౌరుషం, ఇంటి ఆడవాళ్ళ పరువు, ఆయనకి మిగిలిన ఆస్తి అవే.

ఒకే ప్రవాసం తండ్రికి ఒకలా, కొడుక్కి ఒకలా పనిచేస్తుంది. బాబాకి అమెరికా పోయినదాన్ని తలుచుకుని కుమిలే చోటు. అమీర్‌కి తన జ్ఞాపకాలు పాతిపెట్టే చోటు. ప్రవాసం గురించిన కథల్లో మనకి ఎక్కువగా వినపడేది మొదటిదే, ఇల్లు పోయిన దుఃఖం. దేశం పోవడం వల్ల ఊపిరి పీల్చుకున్నవాడి గురించి ఇంత నిజాయితీగా ఎవరు రాస్తారు? రష్యా ట్యాంకులు రాకపోతే అమీర్ రోజూ ఆ సందు ముందునుంచే నడవాలి. ట్యాంకులొచ్చి ఆ సందుకీ తనకీ మధ్య సముద్రాలు పెట్టాయి. లక్షలమందికి నాశనం, తనకి మాత్రం దాక్కునే చోటు. ఈ ఆలోచనే ఇంకో కొత్త అపరాధంగా మారుతుంది, ఎందుకంటే తన సుఖానికి ఖర్చు ఎవరు పెట్టారో తనకి తెలుసు. హసన్ అక్కడే ఉండిపోయాడు. 1998లో మజారె షరీఫ్‌లో తాలిబాన్ హజారాలని ఊచకోత కోసినప్పుడు అమీర్ అమెరికాలో నవలా రచయిత. ఆ తర్వాత కాబూల్‌లో అదే పెద్ద ఇల్లు కాపాడుతూ హసన్, అతని భార్య తాలిబాన్ తూటాలకి రోడ్డు మీద చనిపోయారు. అమీర్‌కి ఆ కబురు కూడా అందలేదు.

మధ్యలో ఒక చిన్న ఘట్టం ఉంది, త్వరగా చదివేస్తే జారిపోతుంది. జనరల్ కూతురు సోరాయా పెళ్ళికి ముందే అమీర్‌తో తన గతం చెప్పేస్తుంది, వర్జీనియాలో ఉన్నప్పుడు ఒకతనితో ఇల్లు వదిలి వెళ్ళానని, నాన్న వచ్చి తీసుకొచ్చాడని. అఫ్ఘాన్ సమాజంలో ఆ మాట బయటికొస్తే ఆ అమ్మాయికి జీవితాంతం మచ్చ. అమీర్ ఏమీ పట్టించుకోడు, పెళ్ళి చేసుకుంటాడు. కానీ ఆ క్షణంలో తనకి కలిగింది దయ కాదు, అసూయ. ఆమె చెప్పేసింది, ఆమెకి తేలికైపోయింది, తనకి నోరు రావట్లేదు. తప్పు ఎంత పెద్దదన్నదాని కన్నా దాన్ని పలకగలమా లేదా అన్నదే నవలకి ముఖ్యం అని ఇక్కడ తెలిసిపోతుంది. అమీర్ రచయిత అవుతాడు, పుస్తకాలు అచ్చవుతాయి, కానీ కక్కలేక మింగలేక ఆ ఒక్క కథని గొంతులోనే ఉంచుకుంటాడు.

2001 వేసవిలో పెషావర్ నుంచి రహీమ్ ఖాన్ ఫోన్ చేస్తాడు. మళ్ళీ మంచివాడివి కావడానికి ఒక దారి ఉంది, రా అంటాడు. హసన్ పోయాడు, కొడుకు సొహ్రాబ్ కాబూల్‌లో అనాథ, వాణ్ణి తీసుకురావాలి. అమీర్ బయలుదేరతాడు, మొదట్లో మనసు ఒప్పుకోకుండానే. దారిలో డ్రైవర్ ఫరీద్, గడ్డి మోపు వీపున మోస్తూ వెళ్తున్న చిరుగుబట్టల ముసలాయన్ని చూపించి, అసలు అఫ్ఘానిస్తాన్ అదీ, మీరు ఇక్కడ ఉన్నప్పుడు కూడా టూరిస్టులే, మీకు తెలియలేదు అంతే అంటాడు. ప్రవాసం 1981లో మొదలైందనుకుంటున్న మనిషికి ఇది చెంపదెబ్బ. పెద్ద ఇంట్లో, గోడల వెనక, మట్టి గుడిసెని రోజూ చూస్తూ దాని లోపలికి చూడకుండా పెరిగినప్పుడే అమీర్ ఆ దేశానికి పరాయివాడు. ఆ రాత్రి ఫరీద్ అన్న ఇంట్లో భోజనం చేస్తుంటే పిల్లలు కళ్ళార్పకుండా తన చేతికేసి చూస్తుంటారు, వాచీ కావాలేమో అని ఇచ్చేస్తాడు. తర్వాత గోడ అవతల మాటలు వినపడతాయి. పిల్లలు చూసింది వాచీని కాదు, కంచంలో అన్నాన్ని. అతిథికి పెట్టేసి వాళ్ళు పస్తున్నారు. పొద్దున వెళ్ళేముందు ఎవరూ చూడకుండా పరుపు కింద డబ్బు పెడతాడు. చిన్నప్పుడు ఒకణ్ణి ఇంట్లోంచి గెంటించడానికి చేసిన పనే, ఇప్పుడు ఒక ఇంటికి తిండి పెట్టడానికి. ఇందులో ఎవరూ కొట్టుకోరు, కానీ దిద్దుబాటు మొదలైంది ఇక్కడే.

ఆసెఫ్ ఇంట్లో కొట్లాట సంగతి. సందులో హసన్‌ని పాడుచేసిన ఆసెఫే ఇప్పుడు తాలిబాన్ నాయకుడు, సొహ్రాబ్‌ని ఇంట్లో పెట్టుకుని గజ్జెలు కట్టించి ఆడిస్తున్నాడు. అమీర్‌ని వేళ్ళకి తొడుక్కునే లోహపు పిడితో కొడుతుంటే, పక్కటెముకలు విరుగుతుంటే, అమీర్ నవ్వుతాడు. 1975 తర్వాత మొదటిసారి మనసు తేలికైందంటాడు. దానిమ్మ చెట్టు కింద దొరకని దెబ్బ ఇన్నాళ్ళకి దొరికింది. పై పెదవి సరిగ్గా మధ్యకి చీలుతుంది, హసన్ పెదవిలాగే. ఇదంతా చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. కానీ ఆ నవ్వు ఎవరికోసం? గదిలో ఒక మూల గజ్జెలతో నిలబడ్డ పిల్లాడు ఏడుస్తూ ఇంక చాలు అంటున్నాడు. అమీర్‌కి శిక్ష పడింది, అతని లెక్క అతనికి తేలింది. పిల్లాడి లెక్క ఎవరు చూస్తారు? చివరికి ఉండేలు ఎక్కుపెట్టి ఆసెఫ్ ఎడమ కన్ను పోగొట్టి అమీర్‌ని బయటపడేసింది ఆ పిల్లాడే. ఒకప్పుడు ఆసెఫ్ నుంచి అమీర్‌ని ఉండేలుతోనే కాపాడింది హసన్. ఇప్పుడు హసన్ కొడుకు. ఇందులో అమీర్ సొహ్రాబ్‌ని కాపాడాడు అనడం సగం నిజమే.

మిగతా సగం ఇస్లామాబాద్‌లో బయటపడుతుంది. నిన్ను మళ్ళీ అనాథాశ్రమంలో వెయ్యను అని అమీర్ సొహ్రాబ్‌కి మాటిస్తాడు. తల్లిదండ్రులు చనిపోయినట్టు కాగితం లేదు, యుద్ధంలో మరణ ధ్రువపత్రాలు ఎవరిస్తారు, అది లేకుండా దత్తత కుదరదంటారు. లాయరు సలహా విని, కొన్నాళ్ళు ఆశ్రమంలో ఉండాల్సి రావచ్చు అని అమీర్ అనేస్తాడు. పెద్దవాళ్ళు పిల్లలతో ఇలాంటి మాటలు రోజూ అంటూనే ఉంటారు, చిన్న సర్దుబాటే కదా అని. సొహ్రాబ్ బాత్‌రూమ్‌లో బ్లేడుతో చేతులు కోసుకుంటాడు. అదే సమయానికి వీసా దారి దొరికిందని సోరాయా ఫోన్ చేసి ఉంటుంది. పిల్లాడు బతుకుతాడు కానీ మాట పోతుంది, దాదాపు ఏడాది పాటు నోరు విప్పడు. శిక్ష అనుభవించినంత మాత్రాన మనిషి మారిపోడని, మాట నిలబెట్టుకోవడం అనేది ప్రతిరోజూ కొత్తగా చెయ్యాల్సిన పనని ఈ ఘట్టం చెప్తుంది. నవల ఇక్కడ పాఠకుడి మీద జాలి చూపించకపోవడం మంచిపని. దెబ్బలు తిన్నచోటే కథ ఆపేసుంటే అది సినిమా అయిపోయేది.

ఇక ఆ భోజనాల బల్ల. సొహ్రాబ్ అమెరికా వచ్చాడు, అమీర్ ఇంట్లో సోఫాలో పడుకున్నాడు. జనరల్ తాహెరీ అడిగాడు, మన ఇంట్లో ఒక హజారా కుర్రాడు ఎందుకున్నాడని జనం అడిగితే ఏం చెప్పాలి అని. అమీర్ తొణక్కుండా చెప్తాడు. మా నాన్న తన పనివాడి భార్యతో పడుకున్నాడు, ఆమెకి హసన్ అనే కొడుకు పుట్టాడు, హసన్ ఇప్పుడు లేడు, ఆ సోఫాలో పడుకున్నది హసన్ కొడుకు, నా తమ్ముడి కొడుకు, జనం అడిగితే ఇదే చెప్పండి. ఇంకో మాట జనరల్ సాహెబ్, ఇంకెప్పుడూ నా ముందు వాణ్ణి హజారా కుర్రాడు అనకండి, వాడికి పేరుంది, సొహ్రాబ్. భోజనం అయ్యేదాకా ఎవరూ మాట్లాడరు.

సందు మూల దగ్గర గొంతు దాటని అరుపు ఇక్కడ బయటికొచ్చింది. ఈసారి ఎముకలేవీ విరగలేదు, కానీ అమీర్ పోగొట్టుకునేది చిన్నదేమీ కాదు. జీవితమంతా ఎవరి మెప్పు కోసం తమ్ముణ్ణి బలిపెట్టాడో ఆ తండ్రి పరువుని ఇక్కడ తన నోటితోనే తీసి బల్ల మీద పెట్టాడు. అక్కడి అఫ్ఘాన్‌లకి బాబా ఒక కొండలాంటి మనిషి, ఆయన గురించి ఆ మాట పరువే ఆస్తిగా బతికే ఆ మామగారి ముందు చెప్పడం మామూలు విషయం కాదు. హజారావాడే కదా అని ఒకప్పుడు తనకి తాను చెప్పుకున్న మాటకి ఇదే సమాధానం. బాబా అనాథాశ్రమం కట్టించి కూడా పలకలేకపోయిన వాక్యం ఇది.

అయినా ఈ వాక్యం వినాల్సిన మనిషి వినలేదు. హసన్‌కి ఎంతో ఇష్టమైన కథ పారశీక కావ్యం షహనామాలోది, తన కొడుకని తెలియక సొహ్రాబ్‌ని యుద్ధంలో చంపిన రుస్తుం కథ. చిన్నప్పుడు చదువు రాని హసన్‌కి దాన్ని దానిమ్మ చెట్టు కింద చదివి వినిపించింది అమీరే, కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నది హసనే. ఇక్కడ తెలుగు పాఠకుడికి జాషువా గుర్తురాక మానడు. షహనామా రాసిన కవి మీద ఆయన 1932లో 'ఫిరదౌసి' కావ్యం రాశాడు. ఐతిహ్యం ప్రకారం పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమూదు మాట తప్పి వెండి పంపాడు. చాలా ఏళ్ళకి పశ్చాత్తాపపడి బంగారం పంపించాడు, అది చేరేసరికి కవి లేడు, కూతురు దాన్ని ముట్టుకోలేదు. ఆ గజనీ ఉన్నది ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోనే. సుల్తాను పశ్చాత్తాపం అబద్ధం కాదు, బంగారమూ అబద్ధం కాదు, తీసుకోవాల్సినవాడు లేడు అంతే. అమీర్ పరిస్థితీ అదే. ఫిరదౌసి కూతురు కాదన్నట్టే సొహ్రాబ్ కూడా కాదనొచ్చు, ఏడాది పాటు మౌనంగా అంటూనే ఉన్నాడు. క్షమించడం వాడి బాధ్యత కాదని నవలకి తెలుసు, అందుకే వాడి నోటితో క్షమించాను అనిపించదు.

నవలలో లోపాలు లేవని కాదు. ఆసెఫ్ మరీ రాక్షసుడు, హిట్లర్‌ని పొగిడే కుర్రాడే తాలిబాన్ నాయకుడై సరిగ్గా ఆ పిల్లాణ్ణే పట్టుకోవడం కథ కోసం కుదిర్చిన కుదిర్పు. అంతకన్నా పెద్ద ఇబ్బంది హసన్‌తో. హసన్‌కి కోపం రాదు, అనుమానం రాదు, తన గురించి తనకంటూ ఒక ఆశ ఉన్నట్టు కనపడదు. ఒక హజారా మనిషి బాధ అంతా ఒక పష్తూన్ మనసు కడుక్కోడానికే పనికొచ్చినట్టు అయిందన్న విమర్శ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. హసన్ రాసిన ఒక ఉత్తరం తప్ప అతని గొంతు మనకి నేరుగా వినపడదు, అది కూడా ప్రేమతో నిండిన ఉత్తరమే. కథ చెప్తున్నది అమీర్ కాబట్టి అమీర్‌కి కనపడిన హసనే మనకి దొరుకుతాడు అని సమర్థించవచ్చు, కొంతవరకు అది నిజం. కానీ ఆ దానిమ్మ చెట్టు కింద, ఇప్పుడు తృప్తిగా ఉందా అని అడిగిన ఒక్క ప్రశ్నలో కనపడిన మనిషి ఇంకొంచెం కనపడి ఉంటే ఈ నవల ఇంకా పెద్దదయ్యేది.

చివరి దృశ్యం 2002 మార్చిలో, ఫ్రీమాంట్‌లోని లేక్ ఎలిజబెత్ పార్కులో. అఫ్ఘాన్‌లంతా వసంతం మొదలైందని అక్కడ చేరారు, పొద్దున వాన కురిసి ఆగింది. జనరల్ అక్కడ లేడు, ఇన్నాళ్ళకి ఆయనకి కాబూల్ నుంచి పిలుపు వచ్చింది. సొహ్రాబ్ ఒక పక్కన నిలబడి ఉన్నాడు. ఎవరో గాలిపటాలు అమ్ముతున్నారు. అమీర్ ఒకటి కొని, వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి గాలి ఎటుందో చూసి ఎగరేస్తాడు. దారానికి వేలు కోసుకుంటుంది, చిన్నప్పటిలాగే. హసన్ ఎప్పుడూ వేసే ఎత్తు వేసి ఒక ఆకుపచ్చ పటాన్ని కోస్తాడు. తల తిప్పి చూస్తే సొహ్రాబ్ పెదవి ఒక వైపు కొంచెం పైకి లేచి ఉంది. ఆ పటం తెచ్చిపెట్టనా అని అడిగితే పిల్లాడు తలూపినట్టు అనిపిస్తుంది. నీకోసం వెయ్యిసార్లయినా తెస్తాను అని చెప్పి, నలభైకి దగ్గరపడ్డ ఆ మనిషి, అరుస్తున్న చిన్నపిల్లల గుంపులో పడి, తెగిన పటం వెనక పరిగెడతాడు.